ఆంధ్రకావ్యములలో నాటవికవేషము

ఆంధ్రకావ్యములలో నాటవికులు తఱచుగఁ గానవత్తురు. కిరాతుఁడు, శబరుఁడు, పుళిందుఁడు, చెంచు, బోయ, ఎఱుకత యను పేర్లతో వారు పురాణములందును, ప్రబంధములందును, యక్షగానములందును సంచరించుచుందురు. వేఁటవర్ణనము ప్రబంధమున కొక యలంకారము; ఎఱుక చెప్పు ఘట్టము కొరవంజికిఁ బ్రాణము. అయినను వీరిలో నిజముగా నడవిలోఁ బుట్టి పెరిగినవా రెందఱు, అడవివారి వేషమును దాల్చి వచ్చిన దేవత లెందఱు అని యెంచి చూచినచో విస్మయము కలుగును. ప్రధానపాత్రములుగా వచ్చువారిలోఁ బెక్కండ్రు వేషధారులే. అసలువారు వెనుక నిలిచి వలలు మోయుదురు, కుక్కలఁ బట్టుదురు, రాజుగారి విందునకు మాంసము తెత్తురు.

ఒకజాతివారి వేషమును మఱియొకరు గైకొన్నపుడు ఆ వేషమునకుఁ గలిగిన గౌరవము దాని యొడయులకుఁ జెందుచున్నదా లేదా యనునదియే యీ వ్యాసమున విచారింపఁదలఁచిన విషయము. మన యలంకారశాస్త్రమున వేషమునకు స్థానము కలదు. వేషము నిచ్చినవారికి స్థానము కలదా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమునఁ దోఁచినది కాదు, ఇల్లందులోఁ దోఁచినది.

ఇల్లందు ఖమ్మము మైదానమునకును భద్రాచలారణ్యమునకును నడుమనున్న పట్టణము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడైన విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. నేఁటి సింగరేణి బొగ్గుగనుల సంస్థకు ఈ చేరువ పల్లె పేరే నిలిచినది. చుట్టునున్న గూడెములలోఁ గోయలును, తండాలలో లంబాడీలును వసింతురు. ఈ ప్రాంతమునందలి యొక యుపరితలపు గనికిఁ గోయగూడెమని పేరు. గూడెము పేరు గని కెక్కినది. ఆ పేరు వినినవారికిఁ గోయలు గాక బొగ్గే జ్ఞప్తికి వచ్చును.

ఆ యూర బస్సులు నిలుచుచోట నొకనాఁడు కొందఱు గుమిగూడి యుండిరి. నడుమ నొకఁడు తలకు నెమలియీఁకలు చుట్టి, మెడనిండఁ బూసలు వేసికొని, ముందఱ వేళ్ళును మూలికలును పఱచి, విచిత్రమైన యాసతో జాతకములు చెప్పుచుండెను. జనులు వానిని 'కోయదొరా' యని పిలిచి చేయి చాఁపుచుండిరి. ఆ గుంపునకుఁ బదియడుగుల దూరమున నిద్దఱు బడిపంతుళ్ళు తెల్లని చొక్కాలు తొడిగి, బస్సుకై వేచియుండి, తమలోఁదాము కోయభాషలో మాటలాడుకొనుచుండిరి. నా ప్రక్కనున్న పెద్దమనిషి వారినిఁ జూపి, "గాళ్ళు అసలు కోయోళ్ళు, సారూ" అనెను. దానికి మఱియొకఁడు నవ్వి, "గాళ్ళు కోయోళ్ళా? సూడబోతే మనలెక్కనే ఉన్నరు గదనే!" అనెను.

ఈ మాటలో నవ్వు తప్ప ద్వేషము లేదు. అందుచేతనే యది నన్ను బాధించినది. ఈఁకలు పెట్టుకొన్నవాఁడు కోయ యగుటకు నిదర్శన మక్కఱలేకపోయెను. కోయభాష మాటలాడువాఁడు కోయ యగుటకు నిదర్శనము చాలకపోయెను. కన్ను చెవిని గెలిచినది.

ఈఁకలు పూర్తిగా నబద్ధమని నే ననను. కోయలకు నృత్యవేషము కలదు. అడవిదున్న కొమ్ములును నెమలియీఁకలును గూర్చిన తలపాగలు ధరించి, పెద్దడోళ్ళు వాయించుచు వారు చేయు కొమ్మునృత్యము సుప్రసిద్ధము. అది పండుగనాఁటి వేషము. మన మిండ్లలో వివాహమునాఁడు బాసికము కట్టుకొందుము. అంతమాత్రమున నాంధ్రులనఁగా నుదుట బాసికముతోఁ బొలము దున్నువారని యెవ్వఁడైన వ్రాసినచో మనము నవ్వుదుము. కోయలవిషయమున నట్టి వ్రాఁతయే మనకు సహజముగాఁ దోఁచుచున్నది.

యాసవిషయమును నట్టిదే. కోయభాష ద్రావిడభాషలలో నొకటి. గోండీకి మిక్కిలి సన్నిహితము. గొమ్ముకోయల మాండలికమునకు స్టీఫెన్ టైలరు వ్రాసిన వ్యాకరణము 1969లోఁ బ్రకటింపఁబడినది. తనకొక వ్యాకరణమున్న భాషను మాటలాడువాఁడు తెలుఁగు మాటలాడునపుడు మన తెలుఁగునే మాటలాడును. వీథినాటకములలోను చలనచిత్రములలోను 'కోయదొర' నోటఁ బెట్టు వంకరతెలుఁగు కోయలు పుట్టించినది కాదు. మనము పుట్టించి వారికంటఁగట్టినది.

ఆ మూలికలవానిని నేను నిందింపను. వాఁడును బీదవాఁడే, ఊరూరఁ దిరిగి పొట్టపోసికొనువాఁడు. తన ముఖమును జూచి యెవ్వరును గాసు వేయరనియు, ఈఁకలఁ జూచి వేయుదురనియు వాఁడు తెలిసికొన్నాఁడు. ఆ తెలివి వానికి మనమే నేర్పితిమి. మన కావ్యములును గొంతవఱకు నేర్పినవని యిఁక నిరూపింప యత్నింతును.

భరతముని యభినయమును నాలుగు విధములుగా విభజించి, వేషభూషణవర్ణాదులతోఁ గూడినదానికి నాహార్యమని పేరు పెట్టెను. ఏ పాత్రమున కే రంగు పూయవలయునో, ఎవరినోట నేభాష పలికింపవలయునో నాట్యశాస్త్రము విధించుచున్నది. శబరాదుల కొక భాషావిశేష మందుఁ జెప్పఁబడినది. ఇది రంగస్థలసౌకర్యము. తెర తీసినవెంటనే ప్రేక్షకుఁడు పాత్రను గుర్తింపవలయును గదా. కాని రంగస్థలమున గుర్తుగాఁ బుట్టినది లోకమున లక్షణముగా మాఱుట సులభము.

ఆంధ్రపండితులు సామాన్యముగా దాఁటిపోవు విషయ మొకటి యాహార్యాధ్యాయముననే కలదు. ఏయే దేశములవారికి నల్లనిరంగు పూయవలయునో చెప్పుచు భరతుఁడు కిరాతులను, బర్బరులను, పుళిందులను బేర్కొని, వారితోపాటు ద్రమిళులను, దాక్షిణాత్యులను, ఆంధ్రులను సైతము బేర్కొనియున్నాఁడు. అనఁగా మునిదృష్టిలోఁ గిరాతునికిని మనకును రంగుగిన్నె యొక్కటియే. ఇంకను వెనుకకుఁ బోయినచో, ఐతరేయబ్రాహ్మణమున విశ్వామిత్రుని శాపమునకు గురియైన సంతానముగా నాంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు నొక్కవరుసను జెప్పఁబడిరి. మన ప్రాచీనతను స్థాపించుట కీ వాక్యమును మన చారిత్రకులు పలుమాఱు లుదాహరించుచుందురు. ఆంధ్రశబ్దముకడ వేలు పెట్టి, ప్రక్కనున్న శబరపుళిందుల నామములను విడిచి చదువుట మన కలవాటైనది. ఉత్తరమునుండి చూచువానికి మనము కిరాతుల మైతిమి. మనము పడమటినుండి చూచి కోయవారిని గిరాతులఁ జేసితిమి. రూపమును బట్టి యొరులు మనపై మోపిన తీర్పు తప్పని యెఱిఁగినవారము, అదే తీర్పును మఱియొకరిపై మోపునపుడు సంకోచింపవలసినది.

ఇఁక కావ్యములను బరిశీలింతము. వేషధారణమునకు మూలకందము కిరాతార్జునకథ. వ్యాసభారతారణ్యపర్వమునందలి యీ కథను నన్నయభట్టు తెనిఁగించెను. భారవి సంస్కృతమున మహాకావ్యముగా విస్తరించెను. శ్రీనాథుఁడు హరవిలాసమునఁ జేర్చెను. కథ యందఱెఱిఁగినదే. అర్జునుఁడు తపస్సు చేయుచుండఁగా మూకుఁడను రాక్షసుఁడు పందిరూపమున వచ్చుట, శివుఁడు కిరాతుఁడై యుమతోఁగూడి యేతెంచుట, ఇద్దఱును బాణములు వేయుట, వేఁట నాదియనిన నాదియని కలహించుట, పోరుట, తుదకు శివుఁడు ప్రసన్నుఁడై పాశుపతము నిచ్చుట.

ప్రచారమందున్న వ్యాసభారతపాఠమున నొక ఘట్టము విశేషముగా గమనింపఁదగినది. ఈ నిర్జనారణ్యమున స్త్రీలతోఁ దిరుగుచున్న నీ వెవఁడవని యర్జునుఁ డడుగఁగా, అడవిలో వసించు మాకీ నేల యెప్పుడును దగినదే. సుకుమారుఁడవైన నీ వేల యిచ్చట వాసమేర్పఱచుకొంటివని కిరాతుఁడు తిరుగఁ బ్రశ్నించును. ఎంత న్యాయమైన ప్రశ్న! అర్జునుఁ డడవిని శూన్యమనెను. కిరాతుఁడు దానిని నివాసమనెను. ఈ రెండుమాటల నడుమనున్న దూరమే మైదానమునకును మన్యమునకును గల దూరము. బొగ్గు దొరకిన నాఁటినుండి నేఁటివఱకు భద్రాద్రిసీమలోఁ గోయలు వేయుచున్న ప్రశ్నయు నిదియే. గిరిజనుల భూములు పరులపాలు గాకుండుటకై 1959లోఁ జేసి 1970లో సవరించిన నిబంధన, జనవ్యవహారమున 'వన్ ఆఫ్ సెవెంటీ' యనఁబడునది, ఆ ప్రశ్నకు శాసనరూపమున నీయఁబడిన సమాధానము.

కాని యా ప్రశ్న నడిగినది కిరాతుఁడు కాఁడు. కిరాతవేషమున నున్న శివుఁడు. కాఁబట్టి ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన పని యర్జునునకుఁ దప్పినది. వ్యాసుని కథలో నర్జునుఁడు మృత్తికాలింగమునకు వేసిన పూలమాల కిరాతుని శిరమునఁ గనఁబడును. వెంటనే గుర్తించి పాదములపైఁ బడును. మాల కనఁబడువఱకుఁ గిరాతుఁడు తిట్టుపడఁదగినవాఁడు. మాల కనఁబడినపిమ్మటఁ గిరాతుఁడే లేఁడు. వేఁట ధర్మమేది, అడవి యెవరిది యను వివాదము తేలకయే ముగిసెను. వేషము తొలఁగినంతనే యా వేషముతోపాటు వేషముగలవాఁడును దొలఁగిపోయెను. కథ దేవునిదని యెఱిఁగినచో నిది దోషము కాదు. కాని వేయేండ్లుగా నీ కథను వినిన సమాజము కిరాతుని జూచునపుడు 'ఇతఁడు కిరాతుఁడే యైనచోఁ దిట్టవచ్చును. కిరాతుఁడు కానిచో మ్రొక్కవలయును' అను పాఠమును నేర్చికొన్నదేమో యని శంకింపవలసి యున్నది.

రెండవ నిదర్శనము ఎఱుకత. శ్రీనివాసుఁడు సోదిచెప్పు స్త్రీవేషము దాల్చి యాకాశరాజు నంతఃపురమునకుఁ బోయి, పద్మావతి మనోవ్యథకుఁ గారణమును ధరణీదేవికిఁ దెలియఁజేసి, తన పెండ్లికిఁ దానే బాట వేసికొనుట వేంకటాచలమాహాత్మ్యములలోఁ గలదు. తరిగొండ వెంగమాంబ దీనిని దెనుఁగున రసవంతముగాఁ గావ్యబద్ధము చేసెను. ఈ ఘట్టమున నెఱుకతవేషమునకున్న శక్తి యపూర్వము. అంతఃపురద్వారములు తెఱచుకొనును. రాణి స్వయముగా నెదుటఁ గూర్చుండి వినును. బుట్టయు సోదికోలయుఁ జేతనున్నచో మాట నమ్మఁబడును. దేవుఁడు తన శంఖచక్రములతోఁ బోయినచో నంత సులభముగా లోపలికిఁ బోయి యుండఁడు.

ఆ వేషము నిజముగా నెవరిదో వారి చరిత్రయో? క్రిమినల్ తెగల శాసనము 1871లోఁ బుట్టి, 1911 నాఁటి రూపమున మద్రాసు రాజధానికిని వ్యాపించినపుడు, ఎఱుకలవారిలోఁ బెక్కు కుటుంబములు జన్మచేతనే దొంగలుగా లెక్కింపఁబడినవి. గుంటూరు మండలమునందలి స్టూవర్టుపురమువంటి చోటుల వారిని గట్టడిలోఁ బెట్టిరి. ఆ శాసనము 1952లో రద్దయ్యెను. అదే బుట్టయు, అదే కోలయు దేవునిచేత నున్నప్పుడు భవిష్యత్తును జెప్పెను. ఎఱుకతచేత నున్నప్పుడు ఠాణావారి యనుమానమునకు గుఱుతయ్యెను. పల్లెలో యక్షగానము చూచి యెఱుకతపాటకుఁ దలయూఁపిన పెద్దలే, మఱునాఁ డెఱుకలవాఁ డూరిలోనికి వచ్చినచోఁ దలుపులు మూసికొనిరి. వేషమును దీసికొని మనుష్యుని విడుచుట యనఁగా నిదియే.

పరకీయవేషధారణమంతయు దోషమని తేల్చుట నా యుద్దేశము కాదు. చెంచులక్ష్మీకథను జూడుఁడు. ఓబయమంత్రి గరుడాచలయక్షగానము నీ కథపైనే వ్రాసెను. 1943లోను 1958లోను దీనిని చలనచిత్రములుగాఁ దీసిరి. ఇందును దేవుఁడు చెంచువానివలె వచ్చును. కాని యిచ్చట దేవుఁడు వేషము విప్పి వెడలిపోఁడు, అల్లుఁడై నిలుచును. అహోబలమున సంక్రాంతి మొదలుకొని నలుబదిదినములకుఁ బైగా జరుగు పార్వేటయుత్సవమున స్వామి పల్లెపల్లెకుఁ బోయి తన పెండ్లికిఁ బిలుచునని జనులు చెప్పుకొందురు. చెంచులు స్వామిని తమయింటి యల్లునిగాఁ జెప్పుకొందురు. కథ వారినుండి వచ్చి వారికిఁ దిరిగి చేరినది. తీసికొన్న వేషమునకు బంధుత్వము ప్రతిఫలముగా దక్కినది. నృసింహుఁడు చెంచుల నుపయోగించుకొన్నాఁడని చెంచులే యనకపోవుటకుఁ గారణ మీ ఋణము తీర్పఁబడుటయే.

ఇఁక ధూర్జటి. శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమునందలి తిన్నని కథ యీ విచారమున కంతటికిని గీటుఱాయి. బసవపురాణమున సోమనాథుఁడు చెప్పిన కన్నప్పకథనే ధూర్జటి ప్రబంధశైలిని బెంచెను. ఇందు వేషధారి లేఁడు. తిన్నఁడు బోయగూడెమునఁ బుట్టినవాఁడు, తుదివఱకు బోయయే. ధూర్జటి వానిని సంస్కరించి బ్రాహ్మణునిఁ జేయలేదు. ఏ గంధర్వునో శాపవశమున బోయ యైనాఁడని కథకు ముడి వేసి వాని బోయతనమును బై పూఁతగాఁ దేల్పలేదు. అడవిలో నొంటిగానున్న లింగమును గని తిన్నఁడు జాలిపడి, తన యుడుమూరునకు రమ్మనియు, అచ్చట నేయే సుఖములు కలవో యెంచి చెప్పుచు శివుని బ్రతిమాలు పద్యములు తెలుఁగుకవిత్వమున నమూల్యములు. కిరాతార్జునకథలో దేవుఁడు బోయయింటి బట్టను దీసికొనెను. ఇచ్చట బోయ దేవుని తన యింటికిఁ బిలుచుచున్నాఁడు. ఆ పిలుపులో గూడెము వర్ణితమైనది. నవ్వులాటకుఁ గాదు, ఆతిథ్యమునకు.

వేషమును బట్టి తీర్పు చెప్పువాఁడును ఈ కథలోఁ గలఁడు. అతఁడు నిత్యార్చన చేయు బ్రాహ్మణుఁడు. మాంసఖండములును, పుక్కిటినీళ్ళును జూచి యాతఁడు విలపించును. శివుఁ డాతని దండింపఁడు. దాఁగియుండి చూడుమని మాత్రము చెప్పును. ఈ 'చూడుమను' మాటయే ధూర్జటి విమర్శనసూత్రమని నా యభిప్రాయము. బ్రాహ్మణుఁ డంతకుముందును జూచెను. కాని చూచినది యెంగిలిని, ఎముకను. ఇప్పుడు తిన్నఁడు తన కంటిని బెఱికి లింగమున కద్దుటను జూచెను. కాలిగుఱుతు పెట్టి రెండవకంటికి సిద్ధమగుటను జూచెను. మనుష్యునిఁ జూచెను. కావ్యము చదువు మనమును ఆ బ్రాహ్మణునితోపాటు చెట్టుచాటున నిలిచి చూపును మార్చుకొందుము. ఇట్టి మార్పును గలిగించు కావ్యము మన భాషలో నున్నది గనుకనే తక్కినవానిని దీనితోఁ బోల్చి చూచు నధికారము మనకుఁ గలిగినది.

క్షేమేంద్రుఁ డౌచిత్యమును గావ్యజీవితమనెను. పాత్రమునకు వేష ముచితమా యని మనము విమర్శించుచుందుము. ఆటవికవేషము వచ్చినచోట మఱి మూఁడు ప్రశ్నలు చేర్పవలయునని నా మనవి. వేషము తొలఁగినపిమ్మట ఆ వేషముగల జాతివాఁడు కథలో మిగిలియున్నాఁడా? ఆ పాత్రము పలికిన న్యాయమైనమాటకు సమాధానము దొరకినదా? కావ్యము ముగియునప్పటికి, అట్టి మనుష్యుఁడు మన యెదుటఁబడినచో నిదివఱకటికంటె బాగుగా గుర్తింపఁగలమా? కిరాతార్జునకథ మొదటిరెండు ప్రశ్నలయందుఁ దప్పును. ఎఱుకతఘట్టము మూఁడవదానియందుఁ దప్పును. చెంచులక్ష్మి మొదటిదానియందు నెగ్గును. తిన్నని కథ మూఁటను నెగ్గును. ఇందువలన శ్రీనాథుని పద్యము తక్కువదియు, వెంగమాంబ భక్తి కొఱఁతదియు నని కాదు. రసము వేఱు, ఋణము వేఱు. రసమును మెచ్చుచునే ఋణమును లెక్కింపవచ్చును.

'కవికిఁ బరకాయప్రవేశము లేకున్నఁ గావ్యమే లేదు; తన జాతివారిని గూర్చియే వ్రాయవలయునన్నచోఁ గాళిదాసునకు యక్షుఁడెక్కడిది?' అని పండితు లాక్షేపింపవచ్చును. సమంజసమైన యాక్షేపమే. ప్రవేశమును నేను వలదనను. కాయములోనికిఁ బ్రవేశించినవాఁడు ప్రాణమును దర్శింపవలయును. బట్ట తొడిగికొని బయటనే తిరుగుట ప్రవేశము కాదు. ధూర్జటి బోయవాఁడు కాఁడు. అయినను తిన్నని లోపలికిఁ బోయి వచ్చెను. పుట్టుక కాదు, చూపు ప్రమాణము.

పరదేశములలోను నిట్టి చర్చ నడచినది. కెనడాదేశమున 'గ్రే ఔల్' అను పేరుతో నొకఁడు జడలు వేసికొని, తోలుబట్టలు కట్టి, తల్లి యపాచీజాతిదని చెప్పుకొని, యడవులను గూర్చి గ్రంథములు వ్రాసి విశేషఖ్యాతి గడించెను. 1938లో నాతఁడు చనిపోయినపిదప నింగ్లండునఁ బుట్టిన ఆర్చిబాల్డ్ బెలానీ యని తేలెను. అడవిని రక్షింపుఁడని యాతఁడు చెప్పినమాట యసత్యము కాదు. కాని ఆ మాటను నిజముగా నా జాతులవారు చెప్పినప్పుడు అంతమంది వినలేదు. ఈఁకలు పెట్టుకొన్న యాంగ్లేయుఁడు చెప్పినప్పుడు వినిరి. ఇల్లందులో నేను జూచిన గుంపే యది, పెద్దదిగా మాత్రమున్నది.

వేషమును బట్టి జాతిని నిర్ణయించు నలవాటు న్యాయస్థానముల గడపను గూడఁ దొక్కినది. 1994లో మాధురీ పాటిలు వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము, గిరిజనుఁడనని చెప్పుకొనువాని యాచారసంప్రదాయములను బరిశీలించు పద్ధతిని విధించెను. దొంగధ్రువపత్రముల నరికట్టుటకది యవసరమయ్యెను. అయినను చదువుకొని పట్టణము చేరినవానికిఁ బాఁత యాచారములు పోలికపడకుండుట సహజమనియు, ఆ పరీక్షయే తుదినిర్ణయము కాఁజాలదనియు 2011లోఁ జెప్పి, 2023లో మరల స్థిరపఱచెను. చొక్కా తొడిగినంతమాత్రమునఁ గోయ కోయగాకపోఁడని న్యాయమూర్తులు గ్రహించిన పిమ్మట, పండితులమైన మనము గ్రహింపకుండుట తగునా?

భద్రాద్రిసీమకు వచ్చినపుడు శబరిని స్మరింపక తీఱదు. ఆమెపేరి నది కూనవరముకడ గోదావరిని జేరుచున్నది. వాల్మీకిరామాయణమున శబరి మతంగాశ్రమమునందలి తపస్విని. జటలు, నారచీర, కృష్ణాజినము ధరించిన సిద్ధురాలు. ఆమె పండ్లను గొఱికి రుచిచూచి యిచ్చినదను కథ వాల్మీకమున లేదు. తరువాతివారి భక్తి దానిని గల్పించినది. ఆ కల్పన మధురమే. కాని తాపసి వేషమును దీసి యాకులబట్ట కట్టినవారు చిత్రకారులును నాటకకర్తలును. ఆమె నడవిదానిఁగాఁ జేయుటకు జ్ఞానమును తగ్గింపవలసివచ్చెనా? రామునకు మతంగవనమును జూపి, ఋషుల మహిమను వివరించిన శబరి మన రంగస్థలమున గంపపట్టుకొన్న యమాయకురాలుగా మిగిలినది. భద్రగిరిపై రామవిగ్రహములను మొదటఁ గనుఁగొన్నదని స్థలపురాణము చెప్పు పోకల దమ్మక్కయు నట్లే. గోపన్నచరిత్రమున నామె కొకవాక్యము దక్కును. పిమ్మట కథ గోపన్నది.

అసలువారి వాఙ్మయము లేదా? కలదు. కోయలలో డోలీలను శాఖవారు కులగాథలు చెప్పువారు. పడిగెయను చిత్రించిన బట్టను బఱచి, డోలు వాయించుచు, గోత్రముల పుట్టుకను, సమ్మక్క సారలమ్మల వీరచరిత్రను గానము చేయుదురు. మణుగూరు మండలమునందలి కూనవరమునకుఁ జెందిన సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులు. కోయభాషలోను తెలుఁగులోను గాథలు పాడిన యాయనకు 2022లోఁ బద్మశ్రీపురస్కారము లభించినది. 2024లో నాయన పరమపదించిరి. మేడారముజాతరకు రెండేండ్లకొకసారి లక్షలకొలఁది జనులు పోవుదురు. కాకతీయులను గూర్చి మన చారిత్రకులు శాసనములఁ జదివిరి. కాకతీయులతోఁ బోరినవారి గాథను మాత్రము పడిగెపైఁ జదువఁగల్గినవారు మిక్కిలి కొలఁదిమంది. ఒక్కొక్క గాయకుఁడు పోయినప్పుడు ఒక్కొక్క తాళపత్రసంపుటము దగ్ధమైనట్లే. తాళపత్రమైనచో మనము ప్రతి వ్రాసికొనియుందుము.

కాఁబట్టి సాహిత్యపరిశోధనమున కంకితమైన సభలవారికి నా విన్నపములు రెండు. యక్షగానములను, ప్రబంధములను సంస్కరించి ముద్రించునపుడు ఆటవికపాత్రములకడ నర్థముతోపాటు ఆ జాతివారి నిజమైన భాషావేషాదులను దెలుపు టిప్పణము వ్రాయుఁడు. డోలీగాథలను గాయకుని పేరుతో, ఊరిపేరుతో, కోయమూలముతో సేకరింపుఁడు. 'జానపదము' అని పేరులేని గంపలో వేయకుఁడు. బడిపంతుళ్ళకు మూఁడవ విన్నపము. తిన్నని పాఠము చెప్పుదినమునఁ దరగతిలోఁ గోయబాలుఁడున్నచో నతనిని లేపి 'నీ యీఁక లెక్కడ' యని పరిహసింపనీయకుఁడు. వీలైనచో నతని గూడెమున వేఁటకు, తేనెకు, లింగమునకుఁ గల కోయమాటలను జెప్పుమని యడుగుఁడు. ధూర్జటి పద్యమునకు దానికంటె మంచి వ్యాఖ్య దొరకదు.

నేను జూచిన యా యిద్దఱు పంతుళ్ళును బస్సెక్కి పోయిరి. వారిని బలుకరింపవలయునని తోఁచినది. కాని యేమని పలుకరింతును? 'మీరు కోయలా?' యని యడిగినచో నేనును ఆ గుంపులోనివాఁడనే యగుదును. ఆనాఁ డడుగలేకపోయిన ప్రశ్నకు బదులుగా నీ నాలుగుమాటలు వ్రాసితిని. ఇందలి గుణదోషములను బండితులు విమర్శింతురుగాక. కోయపండితులు విమర్శించినచో మఱింత కృతజ్ఞుఁడను.